సర్వర్ గదిలో సీతాఫలాలు

వానాకాలం చివర్లో బొంగులూరు గేటు దగ్గర, సర్వీసు రోడ్డు పక్కన, పొద్దున్నే సీతాఫలాల గంపలు దిగుతాయి. స్కూటీ మీద వెళ్తుంటే ముందు వాసన తగులుతుంది, ఆ తర్వాతే గంపలు కనిపిస్తాయి. కాయల పచ్చి వాసన కాదు. రెండు రోజులు వెచ్చగా మగ్గి, కళ్లు విచ్చుకుని, ముట్టుకుంటే వేలు దిగిపోయే పండు వాసన. అది తగిలితే ఎవరికైనా చెట్టో చేనో గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఫ్యాన్ల హోరు, ఏసీ చలి, నల్ల ఇనుప బీరువాలో మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు గుర్తుకొస్తాయి. ఇబ్రహీంపట్నంలో నేను మొదటి ఉద్యోగం చేసిన ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్ గది అది. ఆ గదిలో సీతాఫలాలు మగ్గబెట్టిన మనిషి యాకోబు సార్. ఈ రోజు ఆఫీసుకు వెళ్తూ ఆ వాసన తగిలేసరికి బండి ఆపి నాలుగు పండ్లు కొన్నాను. తినాలనిపించి కాదు, నేను చేస్తున్న తప్పొకటి ఆ వాసనతో నాకు తెలిసొచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆయన ఎవరో చెప్పకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

యాకోబు సార్ పాఠాలు చెప్పే సార్ కాదు. కాలేజీలో కంప్యూటర్లు, ఇంటర్నెట్టు, ఫోన్లు అన్నీ చూసుకునే మనిషి. ఇబ్రహీంపట్నం పక్క పల్లె ఆయనది. కుర్రతనంలో పట్నంలోని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో టెంపరరీగా చేశారు. అప్పట్లో ఎవరైనా ట్రంకు కాల్ అడిగితే మనిషే వైరు పట్టుకుని ఈ రంధ్రంలోంచి ఆ రంధ్రంలోకి కలపాలి. ఆ బోర్డు పోయాక ఆ పనీ పోయింది. ఫోన్ల పని తెలుసని కాలేజీవాళ్లు పిలిచారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వాటి తాళంచెవులూ ఆయనకే వచ్చాయి. డిగ్రీ లేదు. ఇంగ్లిష్ మాన్యువల్ ముందు పెట్టుకుని, ఒక్కో లైను కింద స్కేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదివేవారు. లెక్చరర్లు యాకోబన్న అనేవారు. నేను చేరిన రోజున "నమస్కారమండి" అంటే కళ్లద్దాల పైనుంచి చూశారు. మా అమ్మానాన్నలు తెనాలి వైపు నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డవాళ్లు. నాకు మాట మాటకీ అండి తగిలించకపోతే నోరు కదలదు.

"అండి గిండి వద్దు బిడ్డా," అన్నారు. "నువ్వట్ల అంటే నా వెనక ఎవరో పెద్దమనిషి నిలబడ్డడేమో అనిపిస్తది."

నేను అండి మానలేకపోయాను, ఆయన వెనక్కి తిరిగి చూసినట్టు నటించడం మానలేదు. ఆరేళ్లూ అదే వేళాకోళం నడిచింది.

సీతాఫలాల సంగతి చేరిన రెండో వారంలో తెలిసింది. సర్వర్ల బీరువా ముందు వైపు చల్లగా ఉంటుంది, వెనక వైపు నుంచి మాత్రం యంత్రాల వేడిగాలి ఒకే తీరున, రాత్రింబవళ్లు, వెచ్చగా బయటికి వస్తుంది. తన చేనులో కోసిన కాయలను సార్ గోనెపట్టాలో చుట్టి, ఆ గాలి తగిలేటట్టు బీరువా వెనక స్టూలు మీద పెట్టేవారు. గడ్డిలో నాలుగు రోజులు పట్టే కాయ అక్కడ రెండు రోజుల్లో పండేది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన గదిలోకి అడుగుపెట్టి, గట్టిగా గాలి పీల్చి, రూమ్ ఫ్రెష్‌నర్ బాగుంది, ఏ కంపెనీది అని అడిగారు. సార్ ఏమాత్రం తొణకకుండా లోకల్ సరుకే అన్నారు. ఆయన వెళ్లాక తలుపు వేసుకుని ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో ఎంత సుఖంగా ఉండేదో అనిపిస్తుంది. అప్పుడు అది ఉద్యోగం, అంతే అనుకునేదాన్ని.

ఆ బీరువా పక్కనే మేకుకు ఒక పొడవాటి రిజిస్టరు దారంతో వేలాడేది. పాత హాజరు పట్టీ అది, మిగిలిన పేజీలను సార్ వాడుకున్నారు. అట్ట మీద లావు అక్షరాలతో "ఏమి చెడింది" అని రాసి ఉండేది. గదిలో ఏ యంత్రం చెడినా, ఎవరి వల్ల చెడినా, వాళ్ల చేత్తో వాళ్లే అందులో రాయాలి. అది ఆయన పెట్టిన పద్ధతి, కాలేజీది కాదు. ఏమి చెడింది, నువ్వేం చేశావు, ఎలా తెలిసింది, ఎలా బాగైంది, కింద పేరు. సంజాయిషీ రాయకూడదు. "ఎందుకు చేసినవో ఎవ్వలడగరు బిడ్డా, ఏం చేసినవో రాస్తే చాలు. రేపొచ్చేటోనికి గదే అక్కరకొస్తది," అనేవారు. నేను పేజీలు తిప్పి చూస్తే మొదటి పది పేజీలూ ఆయన తప్పులే. పరీక్షల రోజున పాత వైరనుకుని కాలేజీ మొత్తానికి ఉన్న ఒక్క లైను పీకేయడం. పాస్‌వర్డు మార్చి, మార్చిన సంగతి తనే మరిచిపోవడం. ఒకచోట ఇలా ఉంది: "స్విచ్చిల చీమలు చేరినయి. సీతాఫలం రసం కారింది. పండ్లు పెట్టింది నేనే. ఇకనుంచి కింద పళ్లెం పెడుతున్న. యాకోబు." పండ్లు పెట్టడం మానేస్తానని మాత్రం రాయలేదు.

నేను చేరిన ఏడాదే కాలేజీ వెబ్‌సైటును రెండు యంత్రాల మీదికి మార్చాల్సి వచ్చింది. అంతకుముందు అన్నీ ఒకే యంత్రం మీద నడిచేవి, ఫలితాల రోజున అది ఊపిరాడక పడిపోయేది. అందుకని ముందు ఒకటి, వెనక ఒకటి అనుకున్నాం. ముందుది వెబ్ సర్వర్. వచ్చిన ప్రతి విద్యార్థినీ అది పలకరిస్తుంది, బొమ్మలు, నోటీసులు తనే చూపిస్తుంది. వెనకది అప్లికేషన్ సర్వర్. మార్కులు, పరీక్ష ఫారాలు, అసలు లెక్కంతా దాని దగ్గర ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది కనెక్టర్. అది వస్తువు కాదు, ముందు యంత్రంలో ఉండే ఒక చిన్న ఫైలు. వెనక యంత్రం ఏ చిరునామాలో ఉంది, ఏ నంబరు తలుపు తట్టాలి, ఒకేసారి ఎన్ని లైన్లు తెరిచి ఉంచాలి, బదులు రాకపోతే ఎంతసేపు చూడాలి, ఇలాంటివి అందులో ముప్ఫై లైన్లకు మించవు. పనిని బయటి కంపెనీకి ఇద్దామన్నారు ప్రిన్సిపాల్. ఆరు నెలల ట్రయల్ మీద ఉన్న అమ్మాయి చేతిలో ఎలా పెడతామని నా ముందే అడిగారు. సార్ లేచి నిలబడి "మా బిడ్డ చేస్తది సార్. నేనున్న గద," అన్నారు. ఆ మాటతో పని నాకు వచ్చింది. పని చెడితే నా ఉద్యోగంతో పాటు ఆయన మాట కూడా పోతుందన్నది కూడా ఆ మాటతోనే నా నెత్తికెక్కింది.

ఫైలు ఎలా రాయాలో ఆయన చెప్పలేదు, ఏం జరుగుతుందో మాత్రం చెప్పారు. ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన మనిషి కదా, ఆయనకు అంతా వైర్లలాగే కనిపించేది. కలిపిన లైను చివరిదాకా బతికే ఉందని ఎప్పుడూ అనుకోవద్దు, మాట్లాడే ముందు అవతల మనిషి ఉన్నాడో లేడో హలో అని చూసుకోవాలి, ఎక్స్‌ఛేంజీలో తనకు నేర్పిన మొదటి పని అదేనని చెప్పారు. నేను తలూపాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక నమూనా ఫైలు తెచ్చి, చిరునామాలు మార్చి, మిగతాది అలాగే ఉంచాను. ఆ నమూనాలో హలో చెప్పే లైన్లు ఉన్నాయి కానీ పనిచేయకుండా ముందు ఒక గుర్తు పెట్టి ఉన్నాయి. పెద్దవాళ్లు అలా పెట్టారంటే అవసరం లేదనేగా అనుకున్నాను. సైటు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ తన ఫోనులో చూసి బాగుందన్నారు. సార్ ఆ రోజు సీతాఫలాల గోనెపట్టా విప్పి, అన్నిటికంటే పెద్ద పండు నా చేతిలో పెట్టారు.

నాలుగో రోజో ఐదో రోజో కాదు, మర్నాడే తేడా తెలిసింది. పొద్దున్నే వచ్చి సైటు తెరిస్తే తెల్లటి పేజీ తిరుగుతూనే ఉంది. ముందు యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాను, వెంటనే నడిచింది. మూడో రోజూ అదే. ఎందుకో నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, పొద్దున ఒకసారి ఆపి మొదలుపెడితే సాయంత్రం దాకా ఏ గొడవా ఉండదు. కాలేజీ తొమ్మిదికి. నేను మొదటి బస్సెక్కి ఏడున్నరకల్లా గదిలో ఉండేదాన్ని. ఆ పని చేసేసి, ఏమీ ఎరగనట్టు ఊడ్చే ఆవిడతో కబుర్లు చెప్తూ కూర్చునేదాన్ని. తొమ్మిదికి సార్ వచ్చి అంతా బాగుందా అంటే, బాగుందండి అనేదాన్ని. ఒక్కసారి అబద్ధమాడితే రెండోది అలవాటుగా వచ్చేస్తుంది. అమ్మ మాత్రం పిల్ల ఉద్యోగమంటే ఎంత శ్రద్ధో అని వీధంతా చెప్పుకునేది. చెప్పేద్దామని రోజూ బస్సులో అనుకునేదాన్ని. ఆయన ముఖం చూడగానే, ప్రిన్సిపాల్ గదిలో ఆయన లేచి నిలబడటం గుర్తొచ్చేది, మళ్లీ బాగుందండి అనేసేదాన్ని. అలా పంతొమ్మిది పొద్దులు గడిచాయి.

ఇరవయ్యో పొద్దున మీర్‌పేట్ మునిగింది. ముందురోజు సాయంత్రం మొదలైన వాన ఆగలేదు, మా కాలనీ ఒకప్పుడు చెరువేనన్న సంగతి నీళ్లే వచ్చి గుర్తుచేశాయి. మెట్ల మీద నిలబడి చూస్తే వీధి లేదు, బస్సు మాట దేవుడెరుగు. ఆ రోజే పరీక్ష ఫారాలకు ఆఖరు. మధ్యాహ్నం ఒంటిగంటకు యూనివర్సిటీ వాళ్లు మూసేస్తారు, ఆ ఫారాలన్నీ మా సైటు నుంచే వెళ్లాలి. ఏడున్నరకు సార్‌కి ఫోన్ చేశాను. రాలేనని చెప్పాను. ఫికర్ చేయొద్దు, నీళ్లు తగ్గినంకనే రమ్మన్నారు. ఫోన్ పెట్టేముందు అడిగారు.

"పొద్దుగాల ఇక్కడ నేను ఏమన్న చేసేదుందా బిడ్డా?"

ఎన్నేళ్లయినా ఆ ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ముందు యంత్రాన్ని ఒక్కసారి ఆపి మొదలుపెట్టండి అంటే సరిపోయేది. నాలుగు ముక్కలు. కానీ ఎందుకని అడుగుతారు, ఎన్నాళ్ల నుంచని అడుగుతారు. "ఏమీ లేదండి," అన్నాను.

ఆయన నా మాట నమ్మారనే అనుకున్నాను. అటు కాలేజీలో పరీక్షల సెక్షన్ కప్పు కారుతోంది. కంప్యూటర్లను, జవాబు పత్రాల కట్టలను పై అంతస్తుకు మోయించే పనిలో పడ్డారు. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తారు. ఈలోపు పిల్లలు ఇళ్లలో ఫోన్ల ముందు కూర్చుని తిరిగే తెల్ల పేజీని చూస్తున్నారు. దగ్గరివాళ్లు తడుచుకుంటూ ల్యాబుకు వచ్చేశారు. ఎవరో వెళ్లి సార్‌ని పిలుచుకొచ్చేసరికి పదకొండున్నర. ఆయన యంత్రాన్ని ఆపి మొదలుపెట్టారు, సైటు నడిచింది. నేను మోకాళ్లలోతు నీళ్లలో నడిచి, రెండు ఆటోలు మారి చేరేసరికి పన్నెండు దాటింది. ల్యాబులో అన్ని కంప్యూటర్ల ముందూ పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరా నిలబడి ఫారం పూర్తయ్యేదాకా చూసి, పేరుకు టిక్కు పెట్టుకుంటున్నారు. నన్ను చూసి ఆ చివరి వరస చూడమన్నారు, అంతే. ఒంటిగంటకు జాబితాలో ఒక్క పేరు మిగిలింది. మమత. యాచారం అవతలి పల్లె పిల్ల. ఫోనులో తెరుచుకోలేదని, వాళ్ల అన్న బండి మీద వచ్చి, పదకొండు దాకా ల్యాబులో కూర్చుంది. వాగు పొంగితే దారి మూసుకుపోతుందని అన్న తొందరపెడితే వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే కలవలేదు.

అందరూ వెళ్లాక సార్ గది తలుపు వేశారు. ఫ్లాస్కులోంచి చాయ్ రెండు గ్లాసుల్లో పోశారు. నా చున్నీ కొసల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు.

"రోజు ఏడున్నరకే ఎందుకొస్తున్నవ్ బిడ్డా?"

అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను, అండీలన్నీ ఊడిపోయాయి. ఉద్యోగం పోతుందని భయపడ్డాననీ, మీ మాట పోతుందని భయపడ్డాననీ అంటుంటే చెయ్యెత్తి ఆపారు. మేకు మీది రిజిస్టరు తీసి నా ముందు పెట్టి, పెన్ను ఇచ్చారు. భయం సంగతి అందులో రాయకూడదు కదా. ఏం చేశానో రాశాను. ఫైలులో హలో చెప్పే లైన్లను పనిచేయించకుండా వదిలేశాను. పొద్దున యంత్రం బదులివ్వడం లేదని తెలిసి కూడా చెప్పలేదు. పంతొమ్మిది రోజులు ఆపి మొదలుపెట్టి దాచాను. ఇరవయ్యో రోజు అడిగినా చెప్పలేదు. మమత ఫారం వెళ్లలేదు. శిరీష. ఎలా బాగైంది అన్నచోట ఖాళీ వదిలాను, ఇంకా బాగవలేదు కనక.

ఆ సాయంత్రమే దాన్ని బాగుచేశాం. జరిగింది తెలిస్తే నవ్వొచ్చేంత చిన్న సంగతి. రెండు యంత్రాలకూ మధ్యలో కొత్తగా పెట్టిన కాపలా పెట్టె ఒకటి ఉంది. గంటసేపు ఎవరూ మాట్లాడని లైనును అది తెంపేస్తుంది. తెంపినట్టు ఇటు చెప్పదు, అటు చెప్పదు. రాత్రంతా కాలేజీ సైటు ఎవరు చూస్తారు? తెల్లారేసరికి లైన్లన్నీ తెగి ఉండేవి. ముందు యంత్రం మాత్రం అవి బతికే ఉన్నాయనుకుని, పిల్లల ఫారాలను తెగిన వైర్లలోకి పంపి బదులు కోసం చూస్తూ కూర్చునేది. ఫైలులో నేను వదిలేసిన ఆ హలో లైన్లు పనిచేసి ఉంటే, ప్రతి ఫారానికీ ముందు ఒక పలకరింపు వెళ్లేది, బదులు రాకపోతే పాత లైను వదిలి కొత్తది కలుపుకునేది. మూడు లైన్ల ముందున్న గుర్తు తీసేశాను. ఎంతోసేపు పట్టలేదు. "చూసినవా," అన్నారు సార్, తెర మీద పలకరింపులూ బదుళ్లూ వరసగా పడుతుంటే. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ఉత్సాహం లేదు.

ప్రిన్సిపాల్‌కు రిజిస్టరు ఆయనే తీసుకెళ్లి చూపించారు. లోపల ఏం మాట్లాడారో నాకు తెలియదు. నా ఉద్యోగం పోలేదు, ట్రయల్ ఇంకో ఆరు నెలలు పెరిగింది. కానీ మమతకు ఆ పరీక్షలు రాయడానికి మళ్లీ ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. వాగు తగ్గిన మూడో రోజు సార్, నేను బస్సులో వాళ్ల ఊరికి వెళ్లాం. మేం వెళ్లేసరికి వాళ్లింట్లో ఆ పిల్లదే తప్పు. ఫోన్లో ఆటలాడుకుంటూ ఫారం నింపలేదని, ఇట్లయితే చదువెందుకని వాళ్ల బాపు అంటున్నాడట. మమత గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడి ఉంది. సార్ గడప దగ్గరే నిలబడి, ఇచ్చిన నీళ్లు తాగకుండానే చెప్పారు.

"పిల్ల తప్పేం లేదన్నా. పొద్దున్నుంచి కూసున్నది. తప్పు మాది."

అంతకు ముందే నేను ఒప్పుకోవాలని నాకు తెలుసు, అయినా ఆయన వెనకే నిలబడ్డాను. ఆయన మాట అయ్యాక, తప్పు నాది అని చెప్పాను. మమత అప్పుడు తలెత్తింది. ఆ చూపులో క్షమించడం లాంటిదేమీ లేదు, ఉక్కపోత తగ్గినట్టు ఒక తేలిక మాత్రం ఉంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ మనిషి ఎంత గొప్పవాడు, తన తప్పు కాకపోయినా మాది అన్నాడు అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

తర్వాత ఆయన దగ్గర ఐదేళ్లకు పైగా పనిచేశాను. ఆ రిజిస్టరులో ఇంకా చాలా రాశాను, కానీ ఆ వాన రోజు పేజీని మళ్లీ తిప్పి చూసే ధైర్యం చేయలేదు. ఆయన రిటైరైన రోజున అందరూ శాలువాలు కప్పారు. సాయంత్రం గదిలోకి వచ్చి, తాళంచెవులతో పాటు రిజిస్టరును మేకు నుంచి తీసి నాకు ఇచ్చారు. ఇకనుంచి నీ దగ్గర ఉండాలె అన్నారు. ఆ రోజు మాత్రం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. ఆ పేజీ వచ్చింది. నేను ఖాళీ వదిలిన చోట బాగైన సంగతి ఆయనే రాసి ఉన్నారు. దాని కింద, అదే సిరాతో, అదే తేదీతో ఇంకో నాలుగు వరసలు.

"నాలుగో రోజే చిట్టాల చూసిన, పొద్దుగాల ఏడున్నరకు ఆపి షురూ చేస్తున్నదని. బిడ్డ తానే చెప్తదని ఊకున్న. అడగలే. పదిహేను దినాలు. ఇయ్యాల పొద్దుగాల నేనన్న ఆపి షురూ చేయలే. మమత ఫారం పోలేదు. యాకోబు."

యంత్రం మొదలైన ప్రతిసారీ తన చిట్టాలో తనే ఒక వరస రాసుకుంటుంది, సాయంత్రం చాయ్ తాగుతూ ఆయన ఆ చిట్టా చదివేవారు. ఆ సంగతి నాకు రోజూ కళ్లముందే ఉంది, బుర్రకెక్కలేదు. రిజిస్టరు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన బీరువా వెనక స్టూలు తుడుస్తున్నారు. ఎందుకు అడగలేదు సార్ అన్నాను. గుడ్డ పక్కన పెట్టారు.

"అడిగితే భయపడి చెప్తవ్. అడగకముందే వచ్చి చెప్తే ఎంత మంచిగుంటదో అని చూసిన. గది నా సంబురం కోసం చూసుకున్న బిడ్డా. మధ్యల గా పిల్ల ఉన్నదని యాది లేకపాయె."

తప్పు మాది అని ఆ గడప దగ్గర ఆయన అన్నది గొప్పతనం కోసం కాదని, ఉన్నమాటే అన్నారని అప్పుడు తెలిసింది. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గిందా అంటే, లేదు. కాకపోతే అది కాస్త కిందికి దిగి, నా పక్కన వచ్చి కూర్చుంది.

రిటైరయ్యాక రెండు సీతాఫలాల కాలాలే చూశారు. ఊపిరితిత్తుల జబ్బు చేసింది. దవాఖానలో చూడటానికి వెళ్తే, మంచం పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కనెక్టర్‌లో పలకరింపు ఇంకా నడుస్తున్నదా అని అడిగారు. నడుస్తోందండి అంటే, ఆక్సిజన్ గొట్టంతోనే మెల్లగా తల వెనక్కి తిప్పి చూశారు, వెనక ఎవరో పెద్దమనిషి ఉన్నట్టు. అదే ఆఖరు. వాళ్ల ఊరి చర్చి వెనక సమాధుల దగ్గర పాటలు పాడుతుంటే, కాలేజీలో చదివి వెళ్లిన పిల్లలు ఎంతమంది నిలబడి ఉన్నారో చెప్పలేను. వాళ్లలో మమత కూడా ఉంది. నా పక్కకు వచ్చి నిలబడింది. ఆయన లేని లోటు ఇన్నాళ్లయినా నాకు తీరలేదు. కాలేజీ సైటు ఇప్పుడు ఎక్కడో దూరాన అద్దె యంత్రాల మీద నడుస్తోంది. ఆ గదిలో ఇప్పుడు పాత కుర్చీలు పడేశారని విన్నాను.

నేను ఇప్పుడు ఆదిభట్లలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. నా కింద ఆరుగురు ఉన్నారు. చిట్టాలు సాయంత్రం చాయ్‌తో చదివే అలవాటు నాకు వచ్చేసింది. సోమవారం చదువుతుంటే ఒక వరస కనిపించింది: పొద్దున ఆరూ యాభైకి ఒక సర్వర్ ఆగి, మళ్లీ మొదలైంది. మంగళవారం అదే సమయానికి అదే. నిన్నా అదే. ఆ వేళకు ఆఫీసులో ఉండేది కావ్య ఒక్కతే. రెండు నెలల కిందట చేరింది, మంచి పనిమంతురాలు, ఆ సర్వర్ పని ఆమెకు ఇద్దామని పైవాళ్ల దగ్గర నేనే గట్టిగా చెప్పాను. తానే వచ్చి చెప్తుందిలే అనుకున్నాను. చెప్తే ఎంత బాగుంటుందో అని కూడా అనుకున్నాను. మూడు రోజులు అలా అనుకుంటూ హాయిగానే ఉన్నాను, ఈ పొద్దున బొంగులూరు గేటు దగ్గర ఆ వాసన తగిలేదాకా.

ఆఫీసుకు చేరగానే సొరుగులోంచి రిజిస్టరు తీశాను. హాజరు పట్టీయే, అట్ట అరిగి మెత్తబడింది. కొత్త పేజీలో రాశాను: "చిట్టాలో చూశాను. తెలిసి కూడా అడగలేదు. మూడు రోజులు. శిరీష." తర్వాత కావ్యను పిలిచాను. లోపలికి వస్తూనే ఆమె ముఖం పాలిపోయింది, బల్ల మీదున్న చిట్టా కాగితం చూసింది కాబోలు. కూర్చోమన్నాను. ఒక పండును రెండుగా విప్పి సగం ఆమె చేతిలో పెట్టాను. రిజిస్టరును ఆమె వైపు తిప్పాను, ముందు నా వరసే చదవాలని.

చదివింది. పండు చేతిలో అలాగే ఉంది, తెల్లటి గుజ్జు వేళ్ల సందుల్లోంచి జారుతోంది.

"పొద్దున్నే ఎందుకొస్తున్నావు, కావ్యా?" అని అడిగాను.